నా పేపర్‌లోంచి నేనే తీసుకుంటే తప్పేంటి?

ప్రశ్న: మేడమ్ గారూ, నేను పీహెచ్‌డీ నాలుగో ఏడాదిలో ఉన్నాను. రెండేళ్ల కిందట వచ్చిన నా పేపర్‌లో ప్రయోగం ఎలా చేశామో రాసిన మూడు పేరాలు కొత్త పేపర్‌లో అలాగే దించేశాను, మెషిన్ అదే, పద్ధతీ అదే కదా అని. పాత రాతలతో ఎంత కలుస్తుందో చూసే సాఫ్ట్‌వేర్‌లో సిమిలారిటీ చెక్ చేస్తే ఆ మూడూ ఎర్రగా వచ్చాయి. మా గైడ్ గారేమో మాటలు అటూఇటూ మార్చెయ్ చాలు అంటున్నారు. నేను రాసుకున్నది నేను వాడుకుంటే దొంగతనం ఎలా అవుతుందండీ?
– ఒక రీసెర్చ్ స్కాలర్

జవాబు: మన జేబులోంచి మనం తీసుకుంటే దొంగతనం ఏముంది లెండి, అందుకే సెల్ఫ్ ప్లేజియరిజం, అంటే తన రాతని తనే దొంగిలించడం, అనే మాట సరిగ్గా అతకదని ఇప్పుడు చాలామంది టెక్స్ట్ రీసైక్లింగ్, అంటే పాత రాతని మళ్లీ వాడటం, అంటున్నారు. గొడవల్లా పాతదాన్ని కొత్తదిగా చూపించడం దగ్గరే వస్తుంది.

మీ గైడ్ గారి సలహా మాత్రం నాకు నచ్చలేదు, ఏమనుకోకండి. "శాంపిల్‌ని 80 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఆరబెట్టాం" అన్నదాన్ని తిప్పి తిప్పి ఇంకోలా రాస్తే సాఫ్ట్‌వేర్ ఊరుకుంటుందేమో గానీ, చదివేవాళ్లకి ఇది అదే పద్ధతా వేరేదా అని కొత్త డౌట్ మొదలవుతుంది. జర్నల్ ఎడిటర్లు 1997లో పెట్టుకున్న కోప్ అనే సంస్థ కూడా మెథడ్స్ భాగంలో కొంత రిపీట్ తప్పదనే ఒప్పుకుంటుంది. కాబట్టి "ఈ వివరణ మా ఫలానా పేపర్‌లోంచి తీసుకున్నది" అని ఒక్క లైను రాసి సైటేషన్ పెట్టండి, కవర్ లెటర్‌లో ఎడిటర్‌కీ చెప్పండి, పాత పేపర్ కాపీ కూడా జత చేస్తే ఇంకా మంచిది. ఏ జర్నల్ రూల్ దానిదే, అది ముందు చూసుకోండి.

రిజల్ట్స్ జోలికి మాత్రం వెళ్లకండి. వాంతులు తగ్గించే ఒండాన్‌సెట్రాన్ మందు ట్రయల్స్ మీద 1997లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పరిశీలన వచ్చింది, అవే పేషెంట్ల డేటా పాతదాని ఊసెత్తకుండా మళ్లీ మళ్లీ అచ్చేశారని అందులో తేలింది. తెలియక అవన్నీ కలిపి లెక్కేస్తే ఆ మందు ఉన్నదానికంటే 23 శాతం ఎక్కువ పనిచేస్తున్నట్టు కనపడింది! చెక్ చేసే సాఫ్ట్‌వేర్ మాటల్నే చూస్తుంది, మాటలు మార్చేస్తే ఒకే డేటా రెండుసార్లు వచ్చిందని దానికేం తెలుస్తుంది.

పాత గ్రాఫ్ వాడుతుంటే ఇంకో చిక్కు, కాపీరైట్ పబ్లిషర్‌కి రాసిచ్చేసి ఉంటే మీరు గీసిన బొమ్మకి మీరే పర్మిషన్ అడగాల్సి రావచ్చు. మూలం చెప్తే చాలు ఎవరైనా వాడుకోవచ్చని ముందే అనుమతిచ్చే సీసీ బై (క్రియేటివ్ కామన్స్) లైసెన్స్ కింద ఆ పేపర్ వచ్చి ఉంటే, ఎక్కడిదో చెప్పి వాడుకోవచ్చు.

అన్నట్టు, ఆ మూడు పేరాలూ నిజంగా మీరే రాశారా? పాత పేపర్‌లో కో-ఆథర్ ఎవరైనా రాసి, వాళ్ల పేరు కొత్తదాంట్లో లేకపోతే, అది మీ జేబు కాదు మరి.