పిల్లల్ని కుక్కల షెల్టర్‌కు తీసుకుపోయే ముందు

తమ్మీ,

మీ బడిలో తొమ్మిదో తరగతి పిల్లల్ని ఆదివారాలు నల్లగొండ అవతలి కుక్కల షెల్టర్‌కు తీసుకుపోతానన్నావు. మంచి పనే. కానీ అక్కడ నిలబడి దయ, కరుణ అంటూ ఉపన్యాసం ఇవ్వకు. ఆ వయసుకు అది చెవికెక్కదు. చీపుర్లు ఇచ్చి గూళ్లు కడిగించు, నీళ్ల తొట్లు తోమించు. మొదటి నెల సెల్ఫీలు వద్దు.

అసలు పాఠం ఆ చీపురులోనే ఉంది. దెబ్బలు తిన్న కుక్క ముందు ఊడవడానికి చీపురు ఎత్తితే చాలు, చెవులు వెనక్కి వాల్చి, తోక కాళ్ల సందున దాచుకుని, మూలకు నక్కి ఉచ్చ పోసుకుంటుంది. పిల్లలు నవ్వుతారు. తిట్టకు. "చీపురంటే దీనికెందుకంత భయం?" అని అడిగి ఊరుకో. జవాబు వాళ్లే వెతుక్కుంటారు.

నవ్వని పిల్లవాడు ఒకడుంటే వాణ్ని గుర్తుపెట్టుకో. ఇంట్లో చెయ్యి లేస్తుంటే ఆ భయం వాడికి ముందే తెలిసి ఉండొచ్చు. నలుగురిలో అడగకు, తిరిగి వచ్చేటప్పుడు వాడి పక్కన నడువు. నోరు విప్పితే విను. దెబ్బల సంగతి బయటపడితే నీలోనే దాచుకోకు, పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చెయ్యి. కుక్కల మీద రాళ్లు విసిరేవాడికీ రౌడీ అని ముద్ర వెయ్యకు, చూసిందే చేస్తున్నాడేమో. అమెరికాలో కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ 2016 నుంచి జంతుహింసను విడిగా లెక్కలోకి తీసుకుంటోంది. మూగజీవాన్ని హింసించే చోట మనుషులకూ దెబ్బలు పడుతుండొచ్చని పోలీసులకూ అనుభవమే.

చట్టంతో భయపెడదామనుకుంటావేమో. 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలో మొదటి తప్పుకు జరిమానా 10 నుంచి 50 రూపాయలు. వింటే పిల్లలు ఇంకా నవ్వుతారు! జంతువును చంపినా, అవిటి చేసినా మాత్రం భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు.

మెడలో క్లచ్ వైరు దిగబడ్డ కుక్క కూడా రావొచ్చు. అడవిపందులకు పొలంగట్ల మీద పెట్టే ఉచ్చు అది. పెట్టింది మీ పిల్లల్లో ఒకరి నాయనే కావచ్చు, పల్లీ చేను పందుల పాలైన కడుపుమంటతో. కాబట్టి ఎవరినీ దోషిగా నిలబెట్టకు, పందుల్ని ఆపే వేరే దారేముందో వాళ్లనే ఆలోచించమను.

కాటు పడితే పసుపు, కారం రాయనివ్వకు. పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే సర్కారు దవాఖానాలో టీకా వేయించు. తల్లిదండ్రుల సంతకాలు లేకుండా ఒక్కర్నీ బస్సెక్కించకు.

పరీక్షల టైంలో మానేస్తామంటే సరే అను. తను చూసుకునే కుక్కను ఎవరికి అప్పజెబుతున్నాడో మాత్రం చెప్పి పొమ్మను.