కల్చర్ రిపోర్ట్ రాకముందే పెద్ద యాంటీబయోటిక్ ఎందుకు ఎక్కించారంటే

తమ్ముడూ, దేవరకొండ నుంచి మీ నాయనను చలిజ్వరం, మూత్రంలో మంటతో నల్లగొండకు తెస్తే, ఏ రిపోర్టూ రాకముందే క్యాజువాలిటీలో పిపరాసిలిన్-టాజోబాక్టమ్ అనే పెద్ద యాంటీబయోటిక్ ఎక్కించారని, మూడో రోజు మందు మార్చారని రాశావు. బిల్లు కోసమేనా అన్నావు. నువ్వు చెప్పినదాన్ని బట్టి నాకైతే అలా అనిపించడం లేదు.

షుగర్ ఉన్న మనిషి, బీపీ 84/50, మాట తడబడుతోంది. ఎవరైనా సెప్టిక్ షాక్, అంటే ఇన్ఫెక్షన్ ముదిరి బీపీ ప్రమాదకరంగా పడిపోవడం, అనే అనుకుంటారు. 2021 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం ఇలాంటివాళ్లకు గంటలోపే యాంటీబయోటిక్ పడాలి. కల్చర్ అంటే రక్తం, మూత్రంలోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి అదేంటో గుర్తించే పరీక్ష, అది తేలడానికి రెండు మూడు రోజులు పడుతుంది. అందాకా ఏ క్రిమో తెలియదు కాబట్టి ఎక్కువ రకాల మీద పనిచేసే మందే ఇస్తారు.

నువ్వు అడగాల్సింది వేరే ఉంది. మొదటి డోసుకు ముందే కల్చర్‌కు రక్తం, మూత్రం తీశారా? కేస్ షీట్‌లో శాంపిల్ తీసిన టైమూ, డోసు ఇచ్చిన టైమూ రాసి ఉంటుంది. మందు పడ్డాక తీస్తే క్రిమి దొరక్కపోవచ్చు. మూడో రోజు మార్పు రిపోర్ట్ చూసి ఆ క్రిమికి సరిపోయే చిన్న మందుకు దిగడమైతే, అది మంచి వైద్యమే. టెన్షన్ పడకు.

కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎంతుందో కూడా కనుక్కో, దాన్ని బట్టి డోసు తగ్గించాల్సి రావచ్చు.

ఇంకోటి, ఊళ్లో ఆర్‌ఎంపీ ముందే రెండు ఇంజెక్షన్లు వేశాడన్నావు కదా, ఆ సంగతి ఇక్కడి డాక్టర్‌కు చెప్పారా? అవి యాంటీబయోటిక్‌లైతే కల్చర్ రిపోర్టే తారుమారు కావచ్చు. ఖాళీ సీసా దొరికితే లేబుల్ ఫోటో తీసి ఇవాళే చూపించు.