అటక దించేముందు గడప దారి చూసుకోండి

ఇంట్లో పేరుకున్న సామాను, కాగితాలు, బట్టలు కొద్దికొద్దిగా తగ్గించుకోవడం ఎలాగని పాఠకులు అడిగిన ప్రశ్నల్లో ఆరింటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: మాది ముప్పై ఏళ్ల ఇల్లు. రెండు అటకలు, మిద్దె మీద గది నిండిపోయాయి. ఒక ఆదివారం ఇంటిల్లిపాదీ పూనుకుని అటక మొత్తం దించాం. సాయంత్రానికి హాల్లో కాలు పెట్టే చోటు లేదు. రాత్రి పదింటికి దాదాపు అన్నీ మళ్లీ పైకే ఎక్కించాం. తప్పెక్కడ జరిగింది?
*ఒక గృహిణి, కావలి*

జవాబు: అమ్మా, మీ ఓపికలో లోపం లేదు. అక్కర్లేదని తేలిన వస్తువు ఇల్లు దాటి వెళ్లే ఏర్పాటు లేకపోయింది. మీరు దించడం పూర్తయ్యేసరికి చెత్త బండి వచ్చి వెళ్లిపోయి ఉంటుంది, పాత సామాన్ల కొట్టు కట్టేసి ఉంటారు, ఇద్దామనుకున్న మనిషి ఊళ్లో ఉండరు. ఇక ఆ మూట వసారాలోనో మెట్ల కిందో చేరి, నాలుగు రోజులకు మళ్లీ అటకెక్కుతుంది.

కాబట్టి ఏరడం మొదలుపెట్టకముందే దారులు చూసుకోండి. పాత ఇనుము, పేపర్లు కొనే అతను మీ వీధికి ఏ రోజు వస్తాడు? మునిసిపాలిటీ బండి ఎన్నింటికి వస్తుంది? బట్టలు, గిన్నెలు ఎవరికి పనికొస్తాయి? ఆ ఒకరిద్దరిని 'ఎప్పుడో ఇస్తాం' అని చెప్పి వదిలేయకుండా, 'గురువారం పొద్దున వచ్చి పట్టుకెళ్తారా' అని రోజు కూడా మాట్లాడుకోండి. సర్దే పని దానికి ముందురోజు సాయంత్రం పెట్టుకోండి.

ఒక్కో విడతకు నలభై నిమిషాలు చాలు. ఇరవై ఐదు నిమిషాలు ఏరడానికి, పదిహేను నిమిషాలు మూటకట్టి గుమ్మం దగ్గర పెట్టడానికి. ఒక విడతకు ఒక అర, లేదా ఒక ట్రంకు పెట్టె. ఒక గోనె సంచి నిండగానే, టైం మిగిలినా ఆపేయండి. రెండో సంచి నింపితే అది మోయలేక ఇంట్లోనే ఉండిపోతుంది. వారానికి రెండు విడతలైతే నెలకు ఎనిమిది సంచులు కదులుతాయి. ఒక మామూలు అటకకు ఇది తక్కువేమీ కాదు.

మొదటి విడత అటకతో పెట్టుకోవద్దు. ఉంచాలో తీసేయాలో తేల్చుకోలేని వస్తువులే అక్కడికి చేరతాయి. వంటింటి ప్లాస్టిక్ డబ్బాలతో మొదలుపెట్టండి. ప్రతి డబ్బాకూ దాని మూత పెట్టి చూడండి. మూత దొరకనిది, మూత పట్టనిది, నూనె జిడ్డు వదలనిది సంచిలోకి. స్వీటు డబ్బాలు, పార్సిల్ డబ్బాలు ఒక్క అరలో పట్టినన్నే ఉంచుకోండి. తర్వాత పాత చెప్పులు, విరిగిన గొడుగులు, బాత్రూం సామాను. నాలుగైదు విడతల్లో చెయ్యి తిరుగుతుంది, అప్పుడు అటక.

అటక ఎక్కడానికి కుర్చీ మీద స్టూలు వేయవద్దు. నిచ్చెన వేసి, కింద ఒకరు పట్టుకోవాలి. గోనె మడతల్లో, కొబ్బరి తాళ్ల చుట్టల్లో తేళ్లు దాక్కుంటాయి, అందుకని మందపాటి చేతి తొడుగులు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. ఎలుక పెంటికలు కనబడితే పొడి చీపురుతో ఊడ్చకండి, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఒక వంతు బ్లీచింగ్ ద్రావణానికి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి చల్లండి. పది నిమిషాలు ఆగి తడిగుడ్డతో తుడిచేయండి.

'ఆరు నెలలు వాడకపోతే పారేయండి' అనే మాట తరచూ వినబడుతుంటుంది. మన ఇళ్లకు అది సరిపోదు. ఆవకాయ జాడీ ఎండాకాలంలోనే దిగుతుంది, కొలువు బొమ్మలు దసరాకో సంక్రాంతికో దిగుతాయి, పెద్ద గుండిగ పెళ్లికే దిగుతుంది. సందేహం ఉన్నవాటికి ఒక అట్టపెట్టె కేటాయించండి, ఒక్కటే. దాని మీద ఆ రోజు తేదీ, లోపల ఏమున్నాయో స్కెచ్ పెన్నుతో పెద్దగా రాయండి. ఒక సంక్రాంతి, ఒక ఎండాకాలం, ఒక వానకాలం గడిచినా తాడు విప్పకపోతే వాటి అవసరం మీకు లేనట్టే.

వేళ కూడా చూసుకోవాలి. మన నెల్లూరు వైపు వానల్లో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్యే పడతాయి. ఆ మూడు నెలల్లో కాగితాలు, పరుపులు, పట్టుబట్టలు తెరిస్తే చెమ్మ పడుతుంది. అప్పుడు స్టీలు, ప్లాస్టిక్, వంటిల్లు చూసుకుని, మిగతావి జనవరి నుంచి మే దాకా పెట్టుకోండి. భోగికి ఇల్లు దులపడం మంచి అలవాటే. కానీ ప్లాస్టిక్, టైర్లు, రంగు వేసిన తలుపులు మంటలో వేయవద్దు. పాత రంగుల్లో సీసం ఉంటుంది. టేకు తలుపైతే కలప అడితి వాళ్లు కొంటారు కూడా.

ప్రశ్న: అత్తగారి కాలంనాటి బిందెలు, గంగాళం, కంచాలు, చెంబులు మొత్తం నలభై కిలోలకు పైనే ఉంటాయి. కొనేవాడు అన్నీ ఇత్తడే అంటున్నాడు. కొన్ని అమ్మేద్దామని ఉంది.
*ఒక పాఠకురాలు, కందుకూరు*

జవాబు: అతను రాకముందే మీరు వేరుచేసి ఉంచండి. కలిపి తూస్తే అన్నిటికీ తక్కువ రకం ధరే కడతారు.

చిన్న అయస్కాంతం దగ్గర పెట్టుకోండి. అంటుకుంటే లోపల ఇనుము, పైన ఇత్తడి పూత మాత్రమే. కొన్ని దీపపు కుందులు ఇలాగే ఉంటాయి. అంటుకోనివాటిని చింతపండుతో తోమి, అడుగున ఆకురాయితో సన్నగా గీయండి. ఎర్రగా వస్తే రాగి, పసుపుపచ్చగా వస్తే ఇత్తడి, తెల్లగా వస్తే రెండూ కాదు. కంచును మోతతో పట్టుకోవచ్చు. అంచు పట్టకుండా అరచేతిలో నిలిపి చెంచాతో తడితే ఖంగుమని చాలాసేపు మోగుతుంది, ఇత్తడి మోత తొందరగా ఆగిపోతుంది. కంచులో సుమారు ఐదో వంతు తగరం ఉంటుంది. తగరం ఇత్తడిలో కలిపే జింకు కంటే బాగా ఖరీదు, అందుకే కంచు ధర ఎక్కువ. తగరం వల్లే అది పెళుసు కూడా, కింద పడితే పగులుతుంది, జాగ్రత్త.

కాటా సరిచూడటానికి రెండు లీటర్ల సీసా నిండా నీళ్లు పట్టి తూయించండి. రెండు కిలోలు, పైన సీసా బరువు కొద్ది గ్రాములు రావాలి. పావు కిలో తేడా వస్తే ఆ కాటా మీద అమ్మకండి.

ఒక మాట. ఆ పాత్రల మీద పేర్లు చెక్కి ఉంటాయి, చదవండి. ఎవరు ఎవరికి పెట్టినవో తెలుస్తుంది. అమ్మే ముందు మీ ఆడపడుచులను అడగండి. 'మా అమ్మ చెంబు' అని ఒకరు తీసుకుంటే, కాటాకెక్కే దానికంటే అది మంచి దారి. వాడదామనుకుని ఉంచుకున్నవాటికి లోపల కళాయి వేయించండి. కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రల్లో పులుసు, చారు, పెరుగు పెడితే లోహం కరిగి చిలుము పట్టి వాంతులవుతాయి.

ప్రశ్న: నాన్నగారు ఈమధ్యే పోయారు. బీరువా నిండా కాగితాలు, దస్తావేజులు, పాస్‌బుక్కులు, డైరీలు. కొన్నిటికి చెదలు పట్టాయి. ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి?
*ఒక పాఠకుడు, ఒంగోలు*

జవాబు: మొదటి విడతలో ఒక్క కాగితం కూడా బయటికి పంపకండి. కేవలం నాలుగు కుప్పలు చేయండి: భూమి, ఇల్లు ఒకటి, బ్యాంకు, బీమా, షేర్లు ఒకటి, ఉద్యోగం, పెన్షను ఒకటి, మిగతావి ఒకటి. కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ చేతికొచ్చి, భూమి మీ పేర్లకు మారేదాకా మొదటి మూడు కుప్పల జోలికి పోవద్దు. అక్కర్లేదనుకున్న చిన్న రసీదు మీదే సర్వే నంబరు దొరికే సందర్భాలు చాలా ఉంటాయి.

రిజిస్టరైన దస్తావేజులు, లింకు డాక్యుమెంట్లు (అంతకుముందు యజమానుల దస్తావేజులు), భాగపరిష్కార పత్రాలు, వీలునామా, పట్టాదారు పాసుపుస్తకం, శిస్తు రసీదులు, ఇంటి ప్లాను, అప్పు తీరిందని బ్యాంకు ఇచ్చిన కాగితం, ఇవి ఎప్పటికీ ఉంచాల్సినవి. ఆదాయపన్ను రిటర్నులు, వాటి ఆధారాలు ఎనిమిదేళ్లు ఉంచితే నిశ్చింత. పాత కరెంటు బిల్లులు, విడిపించిన నగల తాకట్టు చీటీలు, లేని ఫ్రిజ్ వారంటీ కార్డులు తీసేయవచ్చు.

పాత పాస్‌బుక్కు పారేసే ముందు ఎవరూ అడగని పాత డిపాజిట్లు వెతుక్కోవడానికి రిజర్వు బ్యాంకు 2023లో తెచ్చిన 'ఉద్గం' పోర్టల్‌లో నాన్నగారి పేరు వెతకండి. పదేళ్లు కదలని డిపాజిట్లు రిజర్వు బ్యాంకు నిధికి వెళ్తాయి. అయినా వారసులు బ్యాంకు ద్వారా అడిగి తీసుకోవచ్చు. కాగితపు షేర్ సర్టిఫికెట్లు కనబడితే అవి చిత్తు కాదు. 2019 ఏప్రిల్ నుంచి కాగితం రూపంలో అమ్మకపు బదిలీలు ఆగాయి కానీ, వారసుల పేరుకు మార్చుకుని డీమ్యాట్ (కంప్యూటర్ ఖాతాలోకి మార్పు) చేయించుకోవచ్చు. డైరీలు, పుస్తకాలు ఒక్కొక్కటీ దులపండి. రెండు వేల నోటు దొరికితే అది ఇంకా చెల్లుతుంది, రిజర్వు బ్యాంకు కార్యాలయానికి పోస్టులో పంపి ఖాతాలో వేయించుకోవచ్చు. 2016లో రద్దయిన ఐదొందలు, వెయ్యి నోట్లకు మాత్రం విలువ లేదు. అవి పదికి మించి దగ్గర ఉంచుకోవడం 2017 చట్టం ప్రకారం నేరం.

ఉంచేవాటికి గుండుసూదులు, స్టేపుల్ పిన్నులు, రబ్బరు బ్యాండ్లు తీసేయండి. సముద్రపు గాలికి పిన్ను తుప్పుపట్టి సరిగ్గా సంతకం దగ్గరే చిల్లు పెడుతుంది, రబ్బరు కరిగి అంటుకుపోతుంది. నూలు నాడాతో వదులుగా కట్టి, కాగితపు కవర్లలో పెట్టండి. దస్తావేజులకు లామినేషన్ చేయించవద్దు. వేడికి ముద్రలు, సిరా చెడితే ఇక సరిచేయలేం.

చెదలు పట్టినవాటిని పొద్దుటి ఎండలో గంటసేపు ఆరబెట్టి మెత్తటి బ్రష్షుతో దులపండి. నడి ఎండలో పెడితే కాగితం పెళుసెక్కుతుంది. బీరువా వెనక గోడ మీద మట్టి దారి ఉందేమో చూడండి. ఉంటే ఒకచోట అంగుళం మేర గోకి, నాలుగు రోజులాగండి. మళ్లీ పూడితే చెద బతికే ఉంది. మందు కొట్టించేదాకా కాగితాలు ఆ గదిలో పెట్టవద్దు. తర్వాత కూడా బీరువా గోడకు జానెడు దూరంలో ఉండాలి.

ప్రశ్న: బీరువాలో నలభై పట్టుచీరలు. కట్టేవి ఐదారు. జరీ చీరలు కొంటామని ఇంటికి వస్తున్నారు, ఇవ్వవచ్చా?
*ఒక పాఠకురాలు, నెల్లూరు*

జవాబు: గుమ్మం దగ్గర ఇవ్వకండి. జరీ అంచు నుంచి నాలుగు దారాలు తీసి గరుకు రాతి మీద రుద్దండి. తెల్లటి గీత పడితే వెండి జరీ, ఎర్రగా పడితే రాగి. వెండి అని తేలితే నగల దుకాణంలో మిషన్ మీద చూపించి, అప్పుడు బేరమాడండి. మంచి స్థితిలో ఉన్న పాత వెంకటగిరి చీరను జరీ తూకానికి అమ్మడం నష్టం. ఇంట్లో ఆడపిల్లలకు లంగా, ఓణీ కుట్టించవచ్చు.

ఉంచుకునేవాటిని ప్లాస్టిక్ కవర్లలోంచి తీసి ఉతికిన నూలు పంచెలో చుట్టండి. మూడు నెలలకోసారి మడత మార్చకపోతే మడత దగ్గరే పట్టు చిరుగుతుంది. నాఫ్తలీన్ ఉండలు జరీకి తగలకూడదు, నల్లబడుతుంది. పాత నూలు చీరలు ఐదారు ఉంటే బొంత కుట్టేవాళ్లకు ఇవ్వండి.

ప్రశ్న: మా అమ్మకు డెబ్బై ఎనిమిదేళ్లు. ఖాళీ సీసా కూడా పారేయనివ్వదు. ఆమె ఊరెళ్లినప్పుడు తీసేయనా?
*ఒక పాఠకుడు, చీమకుర్తి*

జవాబు: వద్దు. ఒక్కటి పోయిందని తెలిసినా మిగిలినవన్నీ దాచడం మొదలుపెడతారు, మీమీద నమ్మకం కూడా పోతుంది. 'ఇది పారేద్దామా' అని అడగకుండా 'ఇది ఎవరికిద్దామమ్మా' అని అడగండి. వస్తువు వృథా కాదని తెలిస్తే పెద్దవాళ్ల చెయ్యి తేలికగా వదులుతుంది. పూట పూటకూ మూడు వస్తువులు మాత్రమే ఆమె ముందు పెట్టండి. ఆమె గదిలో ఒక పెట్టె, ఒక అర ఆమె ఇష్టానికే వదిలేయండి. నడిచే దారి, మంచం పక్క, బాత్రూం గుమ్మం మాత్రం ఖాళీగా ఉండాలని గట్టిగా చెప్పండి. ఆ వయసులో తట్టుకుని పడితే తుంటి ఎముక విరుగుతుంది.

ప్రశ్న: పనిచేయని ఇన్వర్టర్ బ్యాటరీ, ట్యూబులైట్లు, ఉబ్బిన ఫోను, డేటు దాటిన మందులు ఏం చేయాలి?
*ఒక పాఠకుడు, బుచ్చిరెడ్డిపాలెం*

జవాబు: బ్యాటరీలో యాసిడ్ దొడ్లో ఒంపవద్దు, పక్కకు పడుకోబెట్టవద్దు. పెద్ద గొట్టపు బ్యాటరీ యాభై కిలోలకు పైన ఉంటుంది, ఇద్దరు పట్టి నిలువుగానే మోయాలి. 2022 నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలు తిరిగి తయారీదారులకే చేరాలి. కొత్తది కొనేచోటే ఇస్తే పాతదానికి ధర తగ్గిస్తారు. ఉబ్బిన ఫోనుకు ఛార్జింగ్ పెట్టవద్దు, గుచ్చవద్దు. పొడి ఇసుక పోసిన రేకు డబ్బాలో ఇంటి బయట ఉంచి, ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునే చోట ఇవ్వండి.

ట్యూబులైట్లలో పాదరసం ఉంటుంది. పగలకుండా అట్టలో చుట్టి, చెత్త బండి వాళ్లకు విడిగా చెప్పి ఇవ్వండి. ఇంట్లోనే పగిలితే కిటికీలు తెరిచి పిల్లల్ని బయటికి పంపి పావుగంట ఆగండి. ముక్కల్ని చీపురుతో ఊడ్చకుండా గట్టి అట్టతో ఎత్తి, మిగిలిన పొడిని తడి కాగితంతో అద్దండి. మాత్రల్ని షీటులోంచి తీసి మట్టిలోనో వాడిన కాఫీ పొడిలోనో కలిపి, మూతున్న డబ్బాలో మూసి పంపండి. ఖాళీ షీట్ల మీద పేరు, తేదీ అడ్డంగా కత్తిరించండి. ఇన్సులిన్ సూదులు మందపాటి ప్లాస్టిక్ సీసాలో వేసి, మూత బిగించి, పైన 'సూదులు' అని రాయండి, బండి మీద చెత్త వేరుచేసేవాళ్ల చేతులకు గుచ్చుకోకుండా.