భీమవరంలో స్కూల్ టీమ్‌కి ఆడే మా పదేళ్ల పాపకి తేలికైన ఫాస్ట్‌పిచ్ సాఫ్ట్‌బాల్ బ్యాట్ ఏ కొలతలో కొనాలి?

ముందు పొడవు తేల్చుకోండి. బ్యాట్ పిడి చివర పాప ఛాతీ మధ్యలో ఆనించి, బ్యాట్‌ని ముందుకు చాపమనండి. చెయ్యి చాపితే వేళ్లు బ్యాట్ కొసకి అందాలి. ఈ వయసుకి సాధారణంగా 28 లేదా 29 అంగుళాలు సరిపోతుంది.

తర్వాత ‘డ్రాప్’. ఔన్సుల బరువులోంచి అంగుళాల పొడవు తీసేస్తే వచ్చే అంకె ఇది. 28 అంగుళాల బ్యాట్ మీద −11 అని ఉంటే బరువు 17 ఔన్సులు, అంటే దాదాపు 480 గ్రాములు. బక్కపలచటి పిల్లయితే −12 చూడండి. పిడి పట్టుకుని చెయ్యి పక్కకి చాచి 20 సెకన్లు నిలపమనండి. కొస వాలిపోతే అది బరువే. ‘పెరిగే పిల్లే కదా’ అని పెద్దది కొంటే స్వింగ్ ఆలస్యమై బంతి దాటిపోతుంది. మరీ తేలికైనా బంతికి ఊపు రాదు.

బ్యారెల్, అంటే బంతిని కొట్టే లావు భాగం, 2¼ అంగుళాల వ్యాసం ఉండాలి. బేస్‌బాల్ బ్యాట్, స్లోపిచ్ (బంతి నెమ్మదిగా వేసే సాఫ్ట్‌బాల్) బ్యాట్ అంటగడితే వద్దనండి.

మొదటి బ్యాట్‌కి అల్యూమినియం చాలు. కాంపోజిట్‌ది (కార్బన్ ఫైబర్ లాంటి పొరలతో చేసినది) ఖరీదు, పైగా 150–200 దెబ్బలు కొడితేగానీ అదునుకి రాదు. మన ఉక్కపోతకి పిడి చెమటతో జారుతుంది, గ్రిప్ టేపు అరిగిన వెంటనే మార్చండి.