టేక్ ఒక్కటే, పక్కన చేరే మాటలే వేరు: వార్డులో నేర్చుకున్న ఇంగ్లీషు

మీ ప్రశ్న చదివాను. టేక్ అనే క్రియ పక్కన ఆఫ్, ఆన్, అప్, ఇన్, ఓవర్ లాంటివి చేర్చిన జాబితాను రోజుకు పది చొప్పున బట్టీ పడుతున్నానని, వారం తిరిగేసరికి అన్నీ కలగాపులగం అవుతున్నాయని, వచ్చే ఏడాది నర్సు ఉద్యోగానికి బ్రిటన్ వెళ్లాలని రాశారు. ఆ జాబితాను ఈ రోజే పక్కన పెట్టేయండి. నేనూ అలాంటిదే పట్టుకుని వెళ్లాను. అది నాకు ఒక్క పూట కూడా పనికి రాలేదు.

నేను పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివాను. గుంటూరులో ఆరేళ్లు పనిచేసి ఉత్తర ఇంగ్లండ్‌లోని లీడ్స్ నగరానికి వచ్చాను. రోగాల పేర్లు, మందుల పేర్లు నన్ను ఇబ్బంది పెట్టలేదు. ఇబ్బంది పెట్టినవి టేక్, గెట్, పుట్ లాంటి చిన్న మాటలే. రెండో వారంలో, రాత్రి డ్యూటీ ముగించుకుని రోగులను నాకు అప్పగిస్తున్న సహోద్యోగి ఒక పెద్దావిడ గురించి ‘షీ టుక్ ఎ ఫన్నీ టర్న్’ అన్నారు. మంచానికే పరిమితమైన వాళ్లకు ఒంటి మీద పుండ్లు పడకుండా కొన్ని గంటలకొకసారి పక్కకు తిప్పి పడుకోబెడతాం కదా, దాన్ని కూడా మేము టర్న్ అనే అంటాం. ఆవిడ ఎలాగో ఒత్తిగిలి పడుకున్నారు కాబోలు అనుకుని తల ఊపాను. నిజానికి తెల్లవారుజామున ఆవిడకు ఉన్నట్టుండి కళ్లు తిరిగి, మాట తడబడింది. కాసేపటికి కాగితాలు చూసేసరికి సంగతి తెలిసి బీపీ చూశాను, డాక్టరును పిలిచాను. ఆవిడకు ఏమీ కాలేదు. నాకు మాత్రం ఆ రోజు నిద్ర పట్టలేదు. టేక్ తెలుసు, ఫన్నీ తెలుసు, టర్న్ తెలుసు. మూడూ కలిస్తే ఏమవుతుందో తెలియలేదు.

మరో వారంలో ఒక తాతగారు వరండాలో నాలుగడుగులు నడిచి వచ్చి కూర్చుని, ఆ నడక ‘టుక్ ఇట్ అవుట్ ఆఫ్ మీ’ అన్నారు. చేతికి పెట్టిన సెలైన్ సూది ఊడి వచ్చిందేమోనని గబగబా చూశాను. సూది ఉన్నచోటే ఉంది. ఒంట్లో శక్తంతా పోయింది, నీరసం వచ్చేసింది అని ఆయన మాటకు అర్థం.

అప్పుడు నాకు దారి చూపించింది మన భాషే. మీరు కూడా అక్కడినుంచే మొదలుపెట్టండి. ‘తీయు’ అనే క్రియ చూడండి. తలుపు తీస్తాం, ఫోటో తీస్తాం, దిష్టి తీస్తాం, కునుకు తీస్తాం, పరుగు తీస్తాం, ఆరా తీస్తాం, కూనిరాగం తీస్తాం, ఒకరి పరువు తీస్తాం. వీటిలో ‘తీయు’కు ఉమ్మడిగా ఉన్న అర్థం ఏమిటని అడిగితే మీరు చెప్పగలరా? నేను చెప్పలేను. అయినా ఒక్కసారి కూడా పొరపాటు పడం. ఎందుకంటే ‘తీయు’ను మనం ఎన్నడూ ఒంటరిగా నేర్చుకోలేదు. అమ్మ గుప్పెట్లో ఉప్పు, ఎండుమిరపకాయలు పట్టుకుని మన చుట్టూ తిప్పుతున్నప్పుడు ‘దిష్టి తీయడం’ అనేది ఒకే మాటగా చెవిన పడింది. టేక్ కూడా ఇంగ్లీషువాళ్లకు అలాగే వచ్చింది. రక్తం తీయడం, ఫోటో తీయడం, కునుకు తీయడం అనే మూడింటికీ వాళ్లు టేక్ వాడతారు, మనం ‘తీయు’ వాడతాం. ఈ మూడూ మీకు ఉచితంగా వచ్చినట్టే. మాత్ర దగ్గర మాత్రం దారులు వేరవుతాయి. మనం మాత్ర వేసుకుంటాం, వాళ్లు టేక్ చేస్తారు. పరీక్షను మనం రాస్తాం, వాళ్లు టేక్ చేస్తారు లేదా సిట్ అంటారు. తెలుగు క్రియను ఇంగ్లీషులోకి మోసుకుపోతే తప్పు దొర్లేది ఇలాంటి చోటే.

టేక్ నామవాచకాలతో కలిసేటప్పుడు అన్నిటికన్నా జాగ్రత్తగా చూడవలసింది మధ్యలో ఏముందన్నది. ‘టేక్ ప్లేస్’ అంటే జరగడం. ‘టేక్ ది ప్లేస్ ఆఫ్’ అంటే ఇంకొకరి స్థానంలోకి రావడం. ‘టేక్ హార్ట్’ అంటే ధైర్యం తెచ్చుకోవడం, ‘టేక్ టు హార్ట్’ అంటే మనసుకు పట్టించుకోవడం. ఊరికే ‘టేక్ కేర్’ అంటే జాగ్రత్త అని చెప్పడం, పక్కన ఆఫ్ (of) చేరితే ఒకరిని చూసుకోవడం. ‘టేక్ టు’ తర్వాత ఏమొస్తుందో కూడా చూడండి. మంచం వస్తే, అచ్చం మనలాగే, మనిషి మంచం పట్టాడని. మనిషి వస్తే ఆ మనిషి నచ్చాడని. ఒకావిడ కూతురు నాతో, అమ్మ మీకు బాగా ‘టేకెన్ టు’ అయిందని అన్నప్పుడు, ఆవిడ నాకు అలవాటు పడి నన్ను ఇష్టపడుతోందని అర్థం చేసుకోవడానికి నాకు క్షణం పట్టింది. ఆ మాట ఈ రోజుకీ గుర్తుంది.

ఆఫ్ (off), అప్, ఇన్ లాంటివాటి సంగతికి వస్తే, మన భాషలో ఆ పనిని చాలాసార్లు రెండో క్రియ చేస్తుంది. తాగు వేరు, తాగేయి వేరు. కొట్టడం వేరు, కోర్టు కేసు కొట్టివేయడం వేరు. క్రియకు తోకగా వచ్చే చిన్న మాట అర్థాన్ని మలుపు తిప్పడం మనకు కొత్త కాదు. కొత్తది ఆ తోక కదలడం. బూట్లు విప్పమని చెప్పాలంటే ‘టేక్ ఆఫ్ యువర్ షూస్’ అనవచ్చు, ‘టేక్ యువర్ షూస్ ఆఫ్’ అని కూడా అనవచ్చు. బూట్ల బదులు సర్వనామం వస్తే మాత్రం ‘టేక్ దెమ్ ఆఫ్’ ఒక్కటే సరైనది. కుట్లు విప్పాలన్నా, కట్టు విప్పాలన్నా ఇదే పద్ధతి: నామవాచకం ముందైనా వెనకైనా రావచ్చు, సర్వనామం నడిమిలోనే రావాలి. కానీ ‘టేక్ ఆఫ్టర్’ అంటే తండ్రి పోలిక రావడం లాంటిది కదా, అక్కడ ఆఫ్టర్ కదలదు. సర్వనామం దాని తర్వాతే. తేడా ఎలా పట్టుకోవాలని నాలుగు నెలలు తంటాలు పడ్డాక ఒక సహోద్యోగి వినమన్నారు. కదిలే తోక మీద గొంతు ఊనిక పడుతుంది, ‘దెమ్ ఆఫ్’లో ఆఫ్ గట్టిగా వినిపిస్తుంది. ‘ఆఫ్టర్ హిమ్’లో ఊనిక టేక్ మీదే ఉండి, ఆఫ్టర్ మెల్లగా జారిపోతుంది. కంటితో చదివితే కనబడని ఈ తేడా చెవికి వెంటనే తెలుస్తుంది. అందుకే జాబితాకన్నా వినడం మేలంటున్నాను.

ఆస్పత్రిలో అన్నిటికన్నా ముఖ్యమైన టేక్ ‘టేక్ ఇట్’ అని నా నమ్మకం. చెడ్డ కబురు విన్నాక కుటుంబం ఎలా తట్టుకుందని అడగడానికి ‘హౌ డిడ్ దే టేక్ ఇట్’ అంటారు. జవాబు వెల్ అయితే నిబ్బరంగా ఉన్నారని, బ్యాడ్లీ అయితే కుంగిపోయారని. దీనికే ఇన్ తోడైతే వేరు. ఒక కొడుకు తండ్రి పరిస్థితి విన్నాక ‘ఐ కాంట్ టేక్ ఇట్ ఇన్’ అన్నాడు. తట్టుకోలేకపోతున్నానని కాదు, చెప్పినది ఇంకా బుర్రకు ఎక్కడం లేదని. మొదటిదైతే పక్కన కూర్చోవాలి, రెండోదైతే మళ్లీ నిదానంగా చెప్పాలి. ఒక్క ఇన్ వల్ల మనం చేయవలసిన పని మారిపోతుంది. మీరు ఏది మరచిపోయినా దీన్ని మరవకండి.

ఇక్కడొక చిన్న సంగతి చెప్పకుండా ఉండలేను. టేక్ అసలు ఇంగ్లీషు మాట కాదు. ఉత్తర ఐరోపా నుంచి ఓడల మీద దండెత్తి వచ్చిన వైకింగులు 866లో, లీడ్స్‌కు దగ్గర్లోని యార్క్ నగరాన్ని పట్టుకుని ఈ ప్రాంతంలో స్థిరపడ్డారు, వాళ్ల నార్స్ భాషలోని ‘తాకా’ నుంచి ఇది వచ్చింది. అంతకుముందు ఇంగ్లీషువాళ్లు ‘నిమన్’ అనేవారు, జర్మన్‌లో నేటికీ ‘నేమెన్’ ఉంది. వచ్చిన మాట పాత మాటను తోసేసింది. కానీ పాతది పూర్తిగా పోలేదు. వెన్నులో మత్తుమందు ఇచ్చాక రోగి కాళ్లు ‘నమ్’ అయ్యాయంటాడు కదా, ఆ నమ్ నిమన్ పిల్లే. స్పర్శను ఎవరో తీసుకుపోయారని దాని మూలార్థం. ఇది తెలిసిన రోజు నుంచి ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

మీరు చేయవలసినది ఇది. ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకోండి. అందులో అక్షర క్రమం వద్దు, సందర్భాలు రాయండి: డ్యూటీ అప్పగించడం, మందులు ఇవ్వడం, కట్టు మార్చడం, బంధువులతో మాట్లాడడం. మాట విన్నప్పుడు టేక్ ఒక్కటే కాకుండా మొత్తం వాక్యం రాయండి, ఎవరు ఎప్పుడు అన్నారో పక్కన రాయండి. పక్కనే తెలుగులో మీ ఇంట్లో ఏమంటారో రాయండి, నిఘంటువు అర్థం కాదు. ‘టుక్ ఎ టర్న్’ పక్కన నేను ‘ఉన్నట్టుండి ఒంట్లో బాగోలేకుండా వచ్చింది’ అని రాసుకున్నాను. రోజుకు రెండు చాలు. వెళ్లే లోపు బ్రిటిష్ ఆస్పత్రుల గురించిన వీడియోలు వినండి, అమెరికావి కాదు, ఎందుకంటే ‘ఫన్నీ టర్న్’ అక్కడ మీకు వినబడదు. అర్థం కాని మాట అప్పగింతలో వస్తే, ఆ వాక్యాన్ని మీ మాటల్లో తిరిగి చెప్పి సరేనా అని అడగండి. నేను ఇప్పటికీ అడుగుతాను, ఎవరూ విసుక్కోలేదు.