పెట్రోల్ కారు పొగలో అమ్మోనియా ఎందుకొస్తుంది?

అమ్మోనియా ఇచ్చే యూరియా ద్రావణం పోసేది డీజిల్ బండ్లకి కదా, పెట్రోల్ కారుకి అమ్మోనియా ఎక్కణ్ణుంచి వస్తుందని అడిగారు.

అది పుట్టేది ఇంజిన్ పొగని శుభ్రం చేసే కేటలిటిక్ కన్వర్టర్‌లోనేనండి. ఇంజిన్ వేడికి గాల్లోని నైట్రోజన్ నైట్రిక్ ఆక్సైడ్ అవుతుంది, దాన్ని మళ్ళీ మామూలు నైట్రోజన్‌గా మార్చడం కన్వర్టర్ పని. దానికి సుమారు 14.7 కిలోల గాలికి 1 కిలో పెట్రోల్ లెక్క కుదరాలి. మాది బరంపురం, ఇక్కణ్ణుంచి తప్తపాణి ఘాట్ ఎక్కేటప్పుడు బండి నిండా జనం, ఏసీ ఆన్, రెండో గేర్లో ఏక్సిలరేటర్ అడుగు దాకా తొక్కేస్తాం చూడండి, అప్పుడు పెట్రోల్ ఎక్కువ పడి కార్బన్ మోనాక్సైడ్ మిగిలిపోతుంది, అది వేడెక్కిన కన్వర్టర్‌లో నీటి ఆవిరితో కలిసి హైడ్రోజన్ ఇస్తుంది, ఆ హైడ్రోజన్ నైట్రిక్ ఆక్సైడ్‌తో కలిసి అమ్మోనియా అయిపోతుంది.

కుళ్ళిన గుడ్డు వాసన వస్తే అది అమ్మోనియా కాదు, గంధకం తాలూకు వాయువు. అమ్మోనియాది ముక్కు మండే ఘాటు, మూత్రం కంపులాంటిది.

దేశం మొత్తంలో అమ్మోనియా ఎక్కువొచ్చేది పొలాలు, పశువుల నుంచే. కానీ ఊళ్ళో ట్రాఫిక్ మధ్య వదిలింది అక్కడే నైట్రిక్ యాసిడ్ ఆవిరితో కలిసి అమ్మోనియం నైట్రేట్ ధూళి అవుతుంది, పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోయే పీఎం 2.5 అనే సన్నని ధూళిలో అదీ ఒక భాగం. ఇంత ఉన్నా బండ్ల పొగకి మన దేశం పెట్టిన బీఎస్ 6 నియమాల్లో పెట్రోల్ కార్లకి అమ్మోనియా లిమిట్ పెట్టలేదు, నాకైతే ఇది పెద్ద లోటే.

చెక్ ఇంజిన్ లైట్ వెలిగితే ముందు పొగలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచే ఆక్సిజన్ సెన్సార్ చూపించండి, అది పాడైతే పెట్రోల్ ఎక్కువ పడొచ్చు.