ఎడమ కన్ను వాళ్లకి రేంజ్‌ఫైండర్ పనికొస్తుందా?

ప్రశ్న: నమస్తే అన్నా. ఫిల్మ్ కెమెరా మీద మనసైంది, అందులోనూ రేంజ్‌ఫైండరే (లెన్స్‌లోంచి కాకుండా పక్కనుండే చిన్న కిటికీలోంచి చూసి ఫోకస్ చేసేది) కావాల. ఇబ్బంది ఏందంటే నేను ఎప్పుడూ ఎడమ కన్నే పెట్టి చూస్తా, పైగా కళ్లద్దాలు. ఆ కెమెరాలు కుడి కన్ను వాళ్లకే, నీకొద్దు అంటున్నారు ఫ్రెండ్స్. క్యానన్ క్యానొనెట్ క్యూఎల్17 జీ3, యాషికా ఎలక్ట్రో 35 రెండూ సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతున్నాయి. ఏది తీసుకోమంటారు?
- ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: ధైర్యంగా తీసుకోమ్మా. మీ ఫ్రెండ్స్ మాటలో సగం నిజముంది, ఆ సగమేందో తెలిస్తే చాలు. ఈ కెమెరాల్లో చూసే కిటికీ ఎడమ చివర పైన ఉంటుంది, కుడి కన్ను పెట్టేవాళ్లకి ఎడమ కన్ను ఖాళీగా బయటికొచ్చి చుట్టూ ఏం జరుగుతుందో కనపడుతుంటుంది, నువ్వు ఎడమ కన్ను పెడితే ముక్కు వెనక డోర్‌కి ఒత్తుకుంటుంది, కుడి కన్ను బాడీ చాటుకి పోతుంది. ఫోకస్‌కి మాత్రం ఏ తేడా రాదు. కిటికీ మధ్యలో ప్యాచ్ అని చిన్న మచ్చ ఉంటుంది, అందులో ఒకే వస్తువు రెండు బొమ్మలుగా కనపడి ఫోకస్ కుదరగానే ఒకటవుతుంది, అది చూడటానికి ఒక్క కన్ను చాలు, అది ఏ కన్నైనా సరే.

అందుకే క్యానన్ పీ, వోయిట్‌లాండర్ బెస్సా ఆర్3ఏ లాంటివాటిలో బొమ్మ అసలు సైజులోనే కనపడుతుంది, రెండు కళ్లూ తెరిచి తీయొచ్చు అని ఎవరైనా ఊరిస్తే దానికోసం ఎక్కువ డబ్బులు పెట్టొద్దు, అడ్డంగా పట్టుకున్నంతసేపూ ఆ సుఖం నీకు దక్కదు. నిలువు ఫోటోలకి మాత్రం కథ మారిపోతుంది. కుడి చెయ్యి కిందికొచ్చేలా కెమెరా తిప్పి పట్టుకో, కిటికీ పైన కుడి మూలకి వస్తుంది, బాడీ అంతా ఎడమ పక్కకి పోతుంది, నీ కుడి కన్ను పూర్తిగా ఫ్రీ. ఇది ఎవరూ చెప్పరు, నాకైతే ఎడమ కన్ను వాళ్లకి దొరికిన వరం అనిపిస్తుంది.

నిన్ను నిజంగా విసిగించేది ఫిల్మ్ తిప్పే లివర్. బొటనవేలు నేరుగా కుడి కంటి వైపే వస్తుంది, అద్దాలకి తగులుతుంది. ఫోటో తీశాక కెమెరా ఒక అంగుళం దించు, లివర్ తిప్పు, మళ్లీ ఎత్తు, కొన్ని రీల్స్ అయ్యేలోపు చేతికే వచ్చేస్తుంది. లివర్ అడుగున ఉండే కొడాక్ రెటీనా త్రీసీ, రికో 500 లాంటివి కూడా ఉన్నాయి కానీ బాగా పాతవి, రిపేర్ చేసేవాళ్లు దొరకడం కష్టం, మొదటి కెమెరాగా వద్దంటాను. కిటికీ చుట్టూ ఇనుముంటే సన్నటి రబ్బరు రింగ్ అంటించుకో, లేకపోతే అద్దాల మీద గీతలు పడతాయి.

రెండిట్లో నా ఓటు క్యానొనెట్‌కే. చిన్నది, 40 ఎంఎం ఎఫ్1.7 లెన్స్, బ్యాటరీ లేకపోయినా మాన్యువల్‌లో స్పీడ్లన్నీ పనిచేస్తాయి. ఎలక్ట్రో లెన్స్ కూడా బంగారమే, కానీ బాడీ పెద్దది, షట్టర్ స్పీడ్ మన చేతిలో ఉండదు, బ్యాటరీ అయిపోతే 500వ వంతు సెకను ఒక్కటే మిగులుతుంది. నేర్చుకునేవాళ్లకి అది లోటే.

డబ్బులు ఇచ్చే ముందు కెమెరా చేతికి తీసుకుని కొండారెడ్డి బురుజు దూరంగా కనపడే చోటికి పో. ఫోకస్ ఇన్ఫినిటీలో (లెన్స్ మీద అన్నిటికన్నా దూరం గుర్తు) పెట్టి బురుజు అంచు చూడు, ప్యాచ్‌లో రెండు అంచులు సరిగ్గా కలవాల, పక్కకి గానీ పైకీ కిందికీ గానీ తప్పితే బేరం తగ్గించు, లేదా వదిలెయ్. ప్యాచ్ మసగ్గా ఉంటే లోపల దుమ్మన్నా పట్టుంటుంది, లోపలి అద్దం పూతన్నా పోయుంటుంది, ఏదో తేలకపోతే వద్దు. అమ్మేవాళ్లు తొందర పెట్టినా సరే, నీ అద్దాలతో, నీ ఎడమ కన్నుతో నాలుగు మూలలూ కనపడతాయో లేదో చూసుకో.

క్యానొనెట్‌లో వెలుతురు కొలిచే మీటర్ పాత పాదరసం బ్యాటరీకి చేసింది, 1.35 వోల్టులు, అవి ఇప్పుడు రావు. మామూలు 1.5 వోల్ట్ సెల్ వేస్తే రీడింగ్ తప్పుతుంది. మెడికల్ షాపులో వినికిడి మిషన్‌కి అమ్మే 675 నంబర్ సెల్ అడుగు, 1.4 వోల్టులు కాబట్టి దగ్గరగా సరిపోతుంది, చుట్టూ చిన్న రింగ్ పెడితే కదలదు, ఒకసారి స్టిక్కర్ పీకినాక మాత్రం ఎక్కువ రోజులు రాదు.